చిన్న తూకం

ఎనుమాముల యార్డుల దడ్వాయిని నేను.
పదహారేండ్ల సంది పల్లీ కాంటా నాదే.
బస్తా మీద చెయ్యేస్తే చెప్తా
తేమెంతో, తాలెంతో, అడుగున మన్నెంతో.
సేటు మీటరు పెట్టి చూసుకొని
"నీ చెయ్యే నయం సారంగం" అంటడు.

ఆ చేతులతోటి బిడ్డను ఎత్తుకోవద్దు.

పొద్దుమీకి యార్డు నల్ల కాడ
మొఖం, మెడ, చెవుల సందులు కడిగి
దుమ్మంగీ సంచిల ముడేసి
వేరే అంగీ తొడుక్కొని ఇల్లు చేరుత.
గడపల నిలబడి ఉంటది చైత్రిక.
"గోర్లు చూపియ్యి నాయినా."
ఏడేండ్లది,
మార్కెట్ కార్యదర్శి కంటె గట్టిగ
ఒక్కొక్క గోరు తనిఖీ చేస్తది.

నిరుడు సద్దుల బతుకమ్మ నాడు
పద్మాక్షి గుట్ట కాడ
ఎవరో ప్రేమతోటే పెట్టిన్రు
గోరంత పల్లి సత్తుపిండి.
పెదవి ఉబ్బింది, గొంతు బొంగురుపోయింది,
తర్వాత గొంతే లేదు.
ఆటో ఎంజీఎం చేరేదాక
సరూప పిల్ల ఛాతి మీద చెయ్యి తియ్యలే.
ఎనుక పాట నడుస్తనే ఉన్నది.
వాళ్లకేం తెల్సు.

హైదరాబాదు డాక్టరమ్మ రెండు తొవ్వలు చెప్పింది.
ముట్టకుండ కాపాడుకొనుడు,
సూది మందు ఇంట్లొకటి, బడిలొకటి పెట్టుకొనుడు.
లేకుంటే ఆ పల్లీనే మందుగ పెట్టుడు,
పొడి గొట్టి, రేణువంత, రోజూ,
పదిహేను రోజులకోసారి తన ముంగటనే పెంచుకుంట.
"పెంచంగ మల్ల ఉబ్బొచ్చు. గ్యారంటి ఇయ్య.
గుప్పెడు తినేతందుకు గాదు ఇది,
తెల్వక తిన్న ఒక్క గింజకు పానం పోకుండ."
ఎంత పెడ్తరమ్మా అన్న.
మిల్లీగ్రాములల్ల చెప్పింది.
క్వింటాలుకు కిలో తరుగు తీసే లోకం నాది.
మిల్లీగ్రామంటే
కాంటా మీద ఈగ వాలినంత గూడ కాదు.

సరూప నోటుబుక్కు నడుమ గీత కొట్టింది.
ఇటుపక్క: బస్సు కిరాయి, పరీక్షల పైసలు,
నెలకు నాలుగు దినాల కూలి,
ఎన్ని నెలలో ఎవ్వరూ చెప్పని ఆ నెలలు,
దగ్గొస్తే, జరమొస్తే మందు ఆపుడు,
తిన్నంక రెండు గంటలు పిల్లను ఉరకనియ్యకుండ పట్టుకొనుడు.
అటుపక్క ఒక్కటే మాట రాసింది.
ఆటో.

"పెద్దగయితే అదే పోతది వదినా" అంటడు తమ్ముడు ఓదెలు.
కొందరికే పోతదట, అడిగినం.
"పరకాల కాడ పసరు పోసేటాయన ఉన్నడు" అన్నది మా అవ్వ.
సరూప తల గూడ ఎత్తలే.
అవ్వ మారు మాట్లాడలే.
తెల్లారి లేచి చూస్తే,
నలభై ఏండ్లు సత్తులు దంచిన రోలును
ఉడుకునీళ్లతోటి మూడుసార్లు కడిగి,
అయినా మనసొప్పక
దొర్లిచ్చుకుంట వాకిట్లకు తీస్కపోతున్నది.

మిర్చి కాంటాకు మార్చమని సంఘంల అడిగిన.
సీజనైనంక చూద్దామన్నరు.
ఎవరి సీజను?

దుప్పట్లకెల్లి చైత్రిక అడిగింది,
"మందు పల్లీ, ఉత్త పల్లీ ఒక్కటేనా నాయినా?"
ఒక్కటే బిడ్డా.
"మరి లోపలికి పోయినంక
అది మందని నా కడుపుకెట్ల తెలుస్తది?"
డాక్టరమ్మను అడుగుదామన్న.

ఎండాకాలం సెలవులల్ల షురూ అని
సరూప రాసింది. కొట్టేసింది.
మల్ల అదే రాసి, పక్కన
ప్రశ్న గుర్తు పెట్టింది.

ఇయ్యాల గోర్లు చూసుకుంట చూసుకుంట
చూపుడువేలు కాడ ఆగింది పిల్ల.
"గిక్కడ ఎర్రగున్నది. పల్లి పొట్టు."
పొట్టు గాదు బిడ్డా, రుద్దంగ తోలు లేచింది.
వేలును దీపం దిక్కు తిప్పి చూసింది.
నమ్మలే.
"మల్ల కడుక్కొని రాపో" అన్నది.