ఒక రాత్రి ఉచితం

పనయిపోయిన రెండేళ్లకు కాగితం వచ్చింది
బంగారు అంచు కవరులో:
శ్రీ షేక్ నాగుల్ మీరా గారికి, దంపతులకు,
ఒక రాత్రి ఉచితం. ఉదయం టిఫినుతో.

అరండల్‌పేటలో ఎక్కిన ఆటోవాడు
"పొగాకు కంపెనీ దగ్గరేగా" అన్నాడు.
గుంటూరులో దాని పేరింకా మారలేదు.
గేటు మీద మాత్రం వేరే పేరు,
ఇత్తడి అక్షరాల్లో, మా ఇద్దరికీ నోరు తిరగనిది.

తలపాగా కుర్రాడు తలుపు తీసి పట్టుకున్నాడు.
నేనూ పట్టుకున్నాను.
కాసేపు ఇద్దరం పట్టుకునే ఉన్నాం.
సైదాబీ మా మధ్యనుంచి లోపలికి నడిచింది.

ఆ తలుపులోంచి నేనెప్పుడూ రాలేదు.
వెనకపక్క, ఇసుక ట్రాక్టరు దారి నాది.
పదకొండు నెలలు
గానుగలో సున్నం తిప్పించాను,
కరక్కాయ నీళ్లూ బెల్లం పాకమూ పోయించాను.
వేళ్ల సందులు తెల్లగా పేలిపోయి
గోంగూర అన్నం కలిపితే మంట మోచేతిదాకా ఎక్కేది.
ఆఖరి పూత మీద గులకరాయితో రుద్ది రుద్ది
గోడలో నా మొహం కనపడ్డాకే నిచ్చెన దిగాను.

మెట్ల పక్కన పగులు అలాగే ఉంది.
కిందినుంచి దీపం పెట్టారు దానికి, ముచ్చటగా.
పక్కన పలక: నూట పదేళ్ల కిందటి గాలివానకు
ఈ గోడ చీలింది, అయినా కూలలేదు.
ఎవరో భార్యాభర్తలు ఫొటో దిగుతున్నారు,
ఆవిడ పగులు మీద చెయ్యి ఆనించి
కళ్లు మూసుకుంది.

చీలిన మాట నిజమే. నేను చూశాను, పూడ్చాను,
మూడు పూతలేసి, అతుకు నాకే దొరకనంతగా.
బెజవాడ నుంచి ఆర్కిటెక్టమ్మ వచ్చి
గోడను తడిమి తడిమి, ఏడుపు మొహంతో
"మేస్త్రీ, పగులేదీ?" అంది.
పోగొట్టినవాణ్ణి తెమ్మంటే
ఎక్కణ్ణుంచి తేను?
శ్రావణమాసం, మంగళవారం, టీ తాగాక,
అరంగుళం ఉలి తీసుకుని
ఆవిడ సెల్లులో పాత ఫొటో చూపిస్తుంటే
వంపు వంపుకీ ఆగి అడుగుతూ
గాలివానను చెక్కాను.
ఆ రోజు కూలి మామూలు కూలే.

సైదాబీకి ఇన్నాళ్లూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాను.
కొంగు నోట్లో కుక్కుకుని
లిఫ్టు ఆగేదాకా నవ్వింది.

రాత్రి వాన పట్టింది. వానకు గోడలోంచి
పొగాకు వాసన, సన్నగా,
లోపలెవరో చుట్ట ఆర్పినట్టు.
ఎంత సున్నమేసినా పోనిది అదొక్కటే.
పోగొట్టమని నన్నెవరూ అడగలేదు,
అడిగుంటే మళ్లీ తెమ్మనేవాళ్లు.

అలవాటు కొద్దీ వేలికణుపుతో గోడను కొట్టాను.
టక్. టక్. గట్టిగా ఉంది, నా పనే.
కిటికీ పక్కకొచ్చేసరికి డబ్, డబ్.
బోలు.
చెవి ఆనించి మళ్లీ కొట్టాను.
నేను వెళ్లాక ఎవరో గొట్టం కోసం తవ్వి
సిమెంటు కుక్కి రంగు పూశారు.
సున్నపు గోడకు సిమెంటు పెట్టడమంటే
ముక్కు మూసి అన్నం తినిపించడం.
ఫోను మోగింది. "సార్, క్షమించండి,
పక్కగదివాళ్లు ఏదో చప్పుడంటున్నారు."
"గోడ చూస్తున్నానమ్మా" అన్నాను.
ఆ పిల్ల కాసేపు ఏమీ అనలేదు.
"ఏసీ తగ్గించమంటారా సార్?"

తెల్లారి ఇడ్లీ పక్కన కాగితం, పెన్సిలూ:
మా ఆతిథ్యంలో లోపమేమైనా?
అయిదు నక్షత్రాలూ సైదాబీ నింపేసింది.
కింద రెండు గీతల ఖాళీ.

పరదా వెనక, నేలకు జానెడెత్తున,
వెంట్రుకవాసి ఒకటి మొదలైంది.
ఎవరూ చెక్కింది కాదు.
"రాయి, పిలుస్తారు, పనొస్తుంది" అంది సైదాబీ
సబ్బుబిళ్లలు రెండూ సంచిలో వేసుకుంటూ.
"పూడ్చడానికా, పెంచడానికా?"

పెన్సిలు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను.
ఆ ఖాళీలో చివరికి
నా ఫోన్ నంబరొక్కటే రాశాను.