నాలుగు సీసాలు

నేను డ్రైవర్ని. లోపల ఏం జరిగిందో
నాకు చప్పుళ్లుగానే తెలుసు.

తొంభై కిలోమీటర్లు. సగం దారి గడ్డకట్టిన ఎగ్ నది మీదే.
మంచు కింద నీళ్లు మూలుగుతుంటే
డాక్టర్ త్సెవెల్మా రెండు చేతులూ గుండెకి హత్తుకుని కూర్చుంది.
చలికి కాదు.
కోటు లోపల, ఒంటికి ఆనించి,
నెత్తురు ఆపే మందు, నాలుగు సీసాలు.
పెట్టెలో పెడితే గడ్డకట్టి పగులుతాయట.
"గుంటల దగ్గర మెల్లగా పోనీ," అంది ఒకసారి,
"పొదుగుతున్నాను."

ఈ గుడారానికి మేం రావడం నాలుగోసారి,
ప్రతిసారీ వేరే లోయలో.
ముందు మూడుసార్లూ తిరుగుదారిలో ఆవిడ
కిటికీ వైపే చూస్తూ కూర్చుంది,
అద్దం మీద మంచు తప్ప ఏమీ లేకపోయినా.

బయట గొంబో గుర్రం కళ్లెం పట్టుకుని నిలబడ్డాడు.
గుర్రం ఎక్కడికీ పోయేది కాదు.
మర్యాదకి నాకు ముక్కుపొడుం బుడ్డి అందించాడు,
మూత తీయడం మర్చిపోయి.

లోపల దొల్గోర్ గొంతు, పొయ్యి మూత, గిన్నెలు.
బ్యాటరీ చలికి చచ్చినట్టుంది,
డాక్టర్ చెక్కగొట్టం తీసి ఉంటుంది,
పొట్టకి ఆనించి చెవి పెట్టి "ఉష్" అంది.
కుక్క కూడా ఊరుకుంది.
ఉన్నిగోడ ఇవతల నేనూ ఊపిరి బిగబట్టాను,
నా ఊపిరి ఆవిడకేం అడ్డమో!

తర్వాత ఏడుపు.
గొంబో నవ్వబోయాడు. భుజం పట్టుకుని ఆపాను.
ఇరవై ఏళ్లుగా తోలుతున్నాను ఈ బండి,
బిడ్డ ఏడుపు సగం కబురే.

టిక్. సీసా మెడ విరిగింది.
వెంటనే ఇంకోటి.
"గట్టిగా నొక్కి పట్టు, వదలకు" అని ఎవరితోనో.
మూడోది.
నాలుగో దానికోసం చెవులు రిక్కించాను.
గాలి. గొర్రెల దగ్గు.
నాలుగోది విరగలేదు.

ముందు ముసలావిడ గొంతు లేచింది, ఊరంతటికీ వినపడేలా:
"ఛీ, ఎంత అనాకారి పిల్లాడు! ఎవరికి కావాలి వీడు!"
అంటూనే వెక్కి వెక్కి ఏడ్చింది.

డాక్టర్ బయటికొచ్చింది.
మోచేతుల దాకా ఆవిరి.
మంచుతో చేతులు తోముకుని కాగితం తీసింది.
పేరు గడి ఖాళీగా వదలకూడదు.
గొంబో చెవిలో చెప్పాడు, ఆవిడ రాసింది:
నెర్గుయి.
మా మంగోలు మాటల్లో, పేరు లేదు అని.
వెతుక్కుంటూ వచ్చేవాటికి దొరక్కుండా.

తిరుగుదారిలో నోరు తెరిచి నిద్రపోయింది.
ఒక చెయ్యి ఇంకా కోటు లోపలే ఉంది.
గుంటల దగ్గర మెల్లగా పోనిచ్చాను.