పై అంతస్తులో సముద్రం

రాత్రంతా బ్రెమర్‌హాఫెన్ రేవులో క్రేను నడిపి
తెల్లారాక కర్టెన్లు లాగి పడుకుంటే
నా సీలింగు పుక్కిలిస్తుంది.

గుళగుళ. ఒక గుటక. ఆగి, మళ్ళీ గుళగుళ.
ఎవడో ముసలి రాక్షసుడు
ఉప్పునీళ్ళతో గొంతు కడుక్కుంటున్నట్టు.
చీపురు కర్రతో మూడుసార్లు పొడిచాను.
నాలుగోసారికి కర్ర విరిగింది.
విరిగిన ముక్క చేత పట్టుకునే మెట్లెక్కాను.

తలుపు తీసింది వీబ్కె హార్మ్స్.
ముప్పై రెండేళ్ళు ఓడల కడుపుల్లో
గొట్టాలు బిగించిన చేతులు.
తిట్లన్నీ వరసగా పేర్చుకుని వెళ్ళినవాణ్ణి
గుమ్మంలో నీళ్ళు నమిలాను.
కిటికీ అవతల నవంబరు
నది మీద బూడిద చల్లుతుంటే
ఇవతల గాజుపెట్టెలో
నీలం, ఊదా, నారింజ
మెల్లగా ఊగుతున్నాయి.

"చప్పుడు సంగతి నాకూ తెలుసు టెష్కె,
అది సరే, ముందు ఇటొచ్చి చూడు."
రాళ్ళ వెనక మూల. పేరుకున్న గోధుమరంగు మడ్డి.
పక్కనే ఒక పగడపు కొమ్మ,
మొదట్నుంచి పైకి తెల్లబడుతూ.
"ఇక్కడికి నీరు చేరడం లేదు.
దీనికి కాళ్ళు లేవు కదా.
తిండీ ఊపిరీ గుమ్మంలోకి ఎవరో తేవాలి."

నీరు పల్లమెరుగు, ఒప్పుకుంటాను.
ఎత్తు ఎక్కమంటేనే దానికి కష్టం.
కింద పంపు నుంచి పైదాకా ఆరు మలుపులు,
ఆరూ నిలువునా మడిచిన మోచేతులు.
ప్రతి మోచేతి దగ్గరా నీరు గోడకి తల కొట్టుకుని
కాస్త బలం అక్కడే వదిలేసి
పైకొచ్చేసరికి
జీతం రోజు సాయంత్రానికి నా జేబులా ఉంది.

శనివారం నేను టార్చి పట్టుకున్నాను.
ఆమె రంపం పట్టుకుంది.
పగడాలు బకెట్లలోకి, బకెట్లలోకి హీటర్లు,
చేపలు అలిగి మూలకి.
ఇరుకు గొట్టం పోయి వెడల్పుది వచ్చింది.
ఒక్కో మోచేయి స్థానంలో రెండు వాలు వంపులు.
"ఓడైనా వీధి మలుపులో కారులా తిరగదు," అంది,
"దానికి చోటివ్వాలి."
జిగురు ఆరేదాకా ఒక రోజంతా
ఆ గదిలో గట్టిగా తుమ్మనివ్వలేదు.

ఇక నా రాక్షసుడి వంతు.
దిగే గొట్టంలో గాలీ నీరూ ఒకేసారి దూరబోయి
తోసుకుంటున్నాయి, అంతే.
కింద ఒక వాల్వు పెట్టి
వెంట్రుకంత, ఇంకో వెంట్రుకంత, బిగించింది.
గుళగుళ సన్నబడింది. ఈలైంది.
తర్వాత ఏమీ లేదు.
పక్కన రెండో గొట్టం ఖాళీగానే నిలబెట్టింది.
మొదటిది పూడుకుపోయిన రోజుకి.

ఉన్నట్టుండి ప్లగ్గు పీకేసింది.
నేను గుడ్డల కోసం పరుగెత్తాను.
పైనీళ్ళు వెనక్కి జారి
కింది తొట్టెలో ఎక్కి, ఎక్కి,
అంచుకి రెండు వేళ్ళ దిగువన ఆగాయి.
నీటిమట్టం కిందే తను తొలిచిన
చిన్న బెజ్జం గాలి పీల్చింది.
"ఇది నీ సీలింగు కోసం," అంది, నవ్వకుండా.

రెండు చిన్న పంపులు ఇప్పుడు వంతులేసుకుంటాయి,
ఇది తోస్తే అది ఊరుకుంటుంది.
మూల మడ్డి లేచి దారి పట్టింది.
తెల్లబడిన కొమ్మ మళ్ళీ రంగెక్కలేదు.
తెలుపు మాత్రం అక్కడే ఆగింది,
దాని అంచున గులాబీ రంగు
గోటి చంద్రవంక అంత.

నాకు మాత్రం నిద్ర లేదు.
చప్పుడు లేదు కాబట్టి
నడుస్తోందో ఆగిందో కింద పడుకున్నవాడికి
ఎలా తెలుస్తుంది?
గురువారాలు వెళ్ళి చూసొస్తున్నాను.
నా చీపురు కర్ర ముక్క అక్కడే ఉంది,
పంపు మీది గొట్టానికి ఊతంగా కట్టేసి.
పట్టుకుంటే చేతికి సన్నగా వణుకు తగులుతుంది.
కాసేపు పట్టుకునే ఉంటాను.