నీలం తలుపు

వాల్పరైసోలో ఏ అడ్రసైనా మెట్ల మీదే ఉంటుంది.
ఎవారిస్తో చేతిలో చీటీ:
మంగళవారం, ఏడింటికి,
చెప్పులు కుట్టే షాపు వెనక, నీలం తలుపు.

ఈ కొండ మీద తలుపులన్నీ నీలమే.

మొదటి తలుపు తీసిన ముసలామె
అతని ఊపిరి వాసన పట్టి, ఏమీ అడక్కుండా
"ఇంకా పైకి నాయనా" అంది.

మధ్యలో బార్.
దాని అడ్రసు కాళ్ళకి కంఠతా వచ్చు.
ఆగాడు. బూటు లేసు విప్పి
మళ్ళీ కట్టుకున్నాడు.

లోపల ఆరు కుర్చీలు, ఏడో మనిషికి పాలడబ్బా.
"పేరు చెబితే చాలు" అన్నారెవరో.
రేవులో ఓడలకి కేకలేసిన గొంతు
పేరు దగ్గర తడబడింది.

టీ కప్పు వణికింది.
పక్కనున్న ఒమైరా దాని కింద అరచెయ్యి పెట్టింది,
అటు చూడకుండానే,
తన కథ చెప్పుకుంటూనే.

దిగేటప్పుడూ బార్ అక్కడే ఉంది.
మెట్లు లెక్కపెట్టుకుంటూ దాటాడు,
వచ్చే మంగళవారానికి పనికొస్తుందని.