నాలుగు పౌండ్ల కోటు

బస్సు దిగగానే వాన.
గట్టి వాన కాదు, చెప్పుకోదగ్గదీ కాదు,
జల్లెడ పట్టిన పిండిలా
గాల్లోనే నిలబడే వాన.

థార్న్‌బెక్‌లో వీధి కొండెక్కుతుంది.
దాని నడుమ రాతి కాలవలో
నీళ్ళు మాత్రం దిగివస్తాయి,
ఎవరికీ దారివ్వకుండా.

ఎనిమిదొందల ఏళ్ళ కిందట ఒక రాజు
శనివారం శనివారం సంత పెట్టుకోండని
తోలుకాగితం మీద మైనపు ముద్ర వేసి పంపాడట.
ఏ రాజని అడిగితే
ఉల్లిపాయలు తూచే కుర్రాడు తల గోక్కున్నాడు.
"ఎవరో హెన్రీ. ఎప్పుడూ హెన్రీయేగా."
శనివారాన్ని మాత్రం ఎవరూ మర్చిపోలేదు.

ఒకప్పుడు ఉన్ని అమ్మిన రాతి మంటపం కింద
ఇప్పుడొకామె గొడుగులు బాగుచేస్తోంది.
ఒకాయన చెయ్యి చూడకుండానే జాతకం చెబుతున్నాడు,
వరసలో ఇద్దరు నర్సులు, ఒక ట్రాఫిక్ పోలీసు.
స్తంభం నిండా కాగితాలు:
తాబేలు తప్పిపోయింది.
వెన్నెల్లో ఈత, తువ్వాళ్ళు మీరే తెచ్చుకోవాలి.
బాంజో నేర్పబడును.
దాని కిందే, వేరే చేతిరాతలో,
బాంజో మాన్పించబడును.

గడియారం ఏడు నిమిషాలు వెనక.
బాగుచేయిద్దామని కౌన్సిల్ అంటే
ఊరు ఊరంతా సంతకాలు పెట్టి వద్దందట.
ఆ ఏడు నిమిషాలూ మావి, అన్నారట.

డెబ్భైల్లో మిల్లులు మూతపడి
ఇళ్ళు ఊరికే ఇస్తామన్నా పుచ్చుకునేవాళ్ళు లేని రోజుల్లో
రంగుల వ్యాన్లలో, పెంచిన జుట్లతో వచ్చారు వీళ్ళు.
మాంసం కొట్టు గ్రిమ్‌షా
వాళ్ళకి ఎముక ముక్క కూడా అమ్మనన్నాడు.
(వాళ్ళు అడగనూ లేదు, శాకాహారులు.)
ఇప్పుడు ఆ జుట్లు తెల్లబడి, ఆపైన ఊదారంగు తేలి,
చెవుల్లో మిషన్లు.
గ్రిమ్‌షా మనవడు నెత్తుటి మరకల ఏప్రన్‌తోనే వచ్చి
వాళ్ళ బృందంలో డోలు వాయిస్తున్నాడు.

నాకు చలి.
మా ఎండల్లో కొన్న స్వెట్టరుకి
చలి గురించి వినికిడే తప్ప పరిచయం లేదు.

జెసమీ కొట్లో పాత కోటు నాలుగు పౌండ్లు.
ఐదు నోటిస్తే
చిల్లర బదులు పియర్ పండు పెట్టింది చేతిలో,
ఇక్కడి లెక్క ఇదే అన్నట్టు.

బరువుగా ఉంది కోటు,
లోపల ఎవరో ఇంకా ఉన్నట్టు.
జేబులో చెయ్యి పెడితే
పురికొస ముక్క, బిస్కట్టు పొడి,
నాలుగు మడతల చీటీ. పెన్సిల్ రాత:

కొవ్వొత్తులు
కుక్క చెవి మందు
మ్యూరియల్‌కి క్షమాపణ

మొదటి రెండూ కొట్టేసి ఉన్నాయి.

"ఆస్బర్ట్ రాతే," అంది జెసమీ. "ఫిబ్రవరిలో పోయాడు."
చీజ్ బల్ల వెనక ఎర్రటోపీని గడ్డంతో చూపించింది.
"పదకొండేళ్ళు మాటల్లేవు వాళ్ళకి.
ఎందుకో ఎవరికీ తెలీదు.
ఈ ఊళ్ళో దాగిన రహస్యం అదొక్కటే."

ఇరవై అడుగులు. మధ్యలో కాలవ.
గుప్పిట్లో చీటీ మెత్తబడుతోంది.
అనుకున్న మాటలన్నీ ఇంగ్లీషులోకి రాకముందే
బిగుసుకుపోయాయి.
ఇవ్వడానికి నేనెవర్ని?
ఇవ్వకపోవడానికి మాత్రం నేనెవర్ని?

ఆవిడ తలెత్తింది.
నన్ను కాదు, కోటుని చూసింది,
కాలరు దగ్గర మొదలెట్టి
ఊడిపోయిన మూడో గుండీ దాకా.
చీజ్ మీద కత్తి ఆగింది, కాస్త జరిగింది,
నేనడిగినదానికి రెండింతలు తెగింది.

"భుజాల దగ్గర నువ్వు చాల్లేదు," అంది.
డబ్బు సగానికే తీసుకుంది.
"తడిస్తే కుక్క వాసనొస్తుంది, చూసుకో.
ఎన్నిసార్లు చెప్పినా వినడు."

పొట్లం కట్టడానికి ఆవిడ అటు తిరిగినప్పుడు
తూకంరాయి కింద చీటీ పెట్టి వచ్చేశాను.
ముందు ఆవిడే చూసిందో, వానే చూసిందో.

ఊరి గడియారాన్ని నమ్మి నడిచాను,
ఐదింటి బస్సు వెళ్ళిపోయింది.
ఇంకో గంట.
రేకుల కింద కూర్చుని పియర్ పండు తిన్నాను.
భుజాల మీంచి మెల్లగా,
నేనెన్నడూ చూడని
కుక్క వాసన.