కాడి మచ్చ

జడ్చర్ల దాటినంక, పెట్రోలు బంకు పక్కన,
మోయిజ్ సేటు యార్డుల రేకుల షెడ్డు కింద
అది మూడు నెలల సంది పండుకోని ఉన్నది.
పొడుగు పంతొమ్మిది అడుగులు. మూరలేసి నేనే కొల్చిన.
ముక్కు మీద ఉండాల్సిన రెక్కల బొమ్మ లేదు,
బెంగుళూరుల ఎవడో ఊడవీకిండట.
ఇంగ్లండుల పుట్టింది, దుబాయిల పెరిగింది,
ముంబైల ఒక ఫైనాన్సరు తిరిగిండు,
ఆయన మునిగినంక బెంగుళూరు, ఆడికెల్లి బంజారాహిల్సు,
ఆఖరుకు ఏదో చిట్టీల కంపెనీ బాకీ కింద
మా దిక్కు కొట్టుకొచ్చింది.
కొన్ననాడు ఎనిమిది కోట్లట.
ఇప్పుడు డెబ్బై లచ్చలు.
చాయ తాగేలోపట అరవై అయిదు.

నా పని సీట్లు.
"కుర్మయ్యా, వెనక సీటు చినిగింది,
అతుకు కనవడొద్దు" అన్నడు సేటు.
తలుపు తీస్తె చప్పుడు లేదు.
మూస్తె బాయిల బిందె మునిగినట్టు
ఒక్క శబ్దం, అంతే.
తలుపు మందంల గొడుగు పెట్టెతందుకు బొంద.
గొడుగు లేదు.
నవ్వొచ్చింది. గొడుగు పోయిందని బాధపడెటోన్ని
పాలమూర్ల నేనింతవరకు సూడలే.

సీట్ల కూసోలే. మోకాళ్ల మీద నిలవడి
తోలు మీద అరచెయ్యి పెట్టిన.
లంద కాడ మా నాయిన చెప్పిన సదువు ఇది:
కండ్లు మూసుకొని తోలును అడుగు,
ఆ పశువు ఎట్ల బతికిందో అదే చెప్తది.

ఇదేం చెప్తలేదు.
ముల్లకంప గీరింది లేదు. గోమారి కుట్టింది లేదు.
ములుగర్ర పొడిసింది లేదు.
మెడ మీద కాడి మచ్చ సుత లేదు.
కంచె లేని గడ్డిల మేశి
ఎవ్వనికీ ఒక్క సాలు దున్నకుండ
పదకొండు ఎద్దులు
ఈ ఒక్క బండిల కూసున్నయి.

తంగేడు చెక్క దంచి దంచి
ఎర్రవడ్డ చేతులు మా నాయినవి.
ఆ చేతులు కుట్టిన చెప్పు తొడుక్కొని
ఆ చేతులకే దూరం జరిగింది ఊరు.
ఇయ్యాల సేటు గదే తోలును
తెల్ల తువ్వాలతోని తుడుస్తుండు,
చెప్పులు ఇడిశి ఎక్కుమంటడు గిరాకిని.

చినుగు జానెడు.
పైన బొంబాయి తోలు అతికిన, రంగు కలిపిన,
నున్నగ అయ్యేదాక గీరిన.
కింద బలానికి ఒక పట్టి కావాలె.
సంచిల ఉండె: మా తాత కుట్టిన మోటబొక్కెన ముక్క.
నూనె తాగి తాగి మెత్తవడ్డది,
మెడ దిక్కు తోలు,
నడిమిట్ల కాడి రాసుకున్న మచ్చ
ఎండిన ఒర్రె లెక్క.
ఆరెతోని పొడిశి, మైనం దారం గుంజి
లోపలికి దాసిన.
సేటుకు చెప్పలే.

ఐతారం ఆమనగల్లు నుంచి వెంచర్ల పర్వతాలు వచ్చిండు.
బానెట్టు లేపలే, కిలోమీటర్లు అడగలే,
వెనక కూసోని రెండుసార్లు ఊగిండు.
"ఎంత మెత్తగున్నదివయా! ఒరిజినలేనా?"
సేటు నా దిక్కు సూశిండు.
"ఒరిజినలే సార్" అన్న.
అబద్ధమైతే ఆడలే.

యాభై ఎనిమిదికి తెగింది.
పైసల ముచ్చట ఒడిశినంక
పర్వతాలు తలుపు బొందల వేలు పెట్టి
గొడుగు యాడుందని అడిగిండు.
గా ఒక్కదానికి సేటు ఇంకో ఇరవై వేలు ఇడిశిండు.

నా కూలి పన్నెండు వందలు.
ఆరె జేబుల ఏసుకొని
రోడ్డు మీద బస్సుకు నిలవడ్డ.
నెత్తి మీద రుమాలు, రుమాలు మీద ఎండ.