గరుకు

మా అవ్వ ఊరూరా తిరిగి
"రోళ్ళకు కక్కు కొడతాం, ఇసుర్రాళ్ళకు కక్కు కొడతాం" అని
గొంతు పోయేదాకా అరిచేది.
ఆ పని నామోషీ అనుకొని
నేను తాడిపత్రి పాలిష్ ఫ్యాక్టరీలో చేరినా.
నా చేతి కింద బండ ఎట్లుండేదంటే
చెంబెడు నీళ్ళు పోస్తే దాంట్లో దూలాలు లెక్కబెట్టొచ్చు.

ఓబుళమ్మ ఇంట్లో పరిచింది నేనే.
ముప్పై ఏండ్లాయ.
"అద్దం మాదిరి చేసినావబ్బీ" అని
చేటలో కొర్రబియ్యం, పైన ఒక తువ్వాల పెట్టి పంపింది.
పోయిన కార్తీకంలో ఆ అద్దమే
ఆయమ్మ తుంటి ఇరగ్గొట్టింది.

అనంతపురం పెద్దాసుపత్రిలో
కాళ్ళు చేతులు ఆడించే పాప
మందుల చీటీ ఎనక బొమ్మ గీసి పంపింది:
యాడ కడ్డీ, ఎంత ఎత్తు,
ఏ గడప తీసెయ్యాల, ఏ బండ జారకూడదు.

ఇంట్లో ఉండేది ఇద్దరు.
ఓబుళమ్మ తాటిచెట్టు,
ఆడబిడ్డ తిరుపాలమ్మ దాని నీడలో ఈతమొక్క.
నలభై ఏండ్లు ఒకటే పొయ్యి, రెండు ఉప్పుజాడీలు.
కడ్డీ ఎత్తు కాడ పట్టుకున్నారు.
"పడింది నేను. నా నడుముకు పెట్టు."
"రేపు పడబొయ్యేది నేను. నాకందొద్దా?"
చీటీలో గీత ఒకటే ఉంది.
నేను రెండు బిగించినా, పైనొకటి కిందొకటి,
మంచం కాడి నుంచి బచ్చలింటి దాకా రైలు పట్టాల మాదిరి.
రెండో పైపు దుడ్లు
తిరుపాలమ్మ కొంగుముడి ఇప్పి ఇచ్చింది.
పైదానికి.
"వదినతో అనొద్దు" అనింది.

మూడోరోజు బండలు.
ఉలి ఆనించినా గాని సుత్తి లెయ్యలేదు.
వయసంతా ఈ నునుపు కిందనే అరగదీసినోన్ని,
నా బండకు నేనే
అమ్మవారు పోసినట్ల గుంటలు కొట్టాల.
మంచం మీంచి ఓబుళమ్మ చూస్తానే ఉంది.
"కొట్టబ్బీ. కక్కు కొట్టకుంటే
ఇసుర్రాయికి పిండి పడతాదా?"
కొట్టినా.
టిక్ టిక్ టిక్ అని ఇంటినిండా మా అవ్వే.

గడప కాడికొచ్చేసరికి ఇద్దరూ ఒకటైపోయిరి.
"గడప కోసినాక అది ఇల్లు కాదు, గాటిపాడు."
కోత మిషను తీగ చుట్టి సంచిలో పెట్టేసినా.
లోపలికి ఒక మూర, బయటికి మూడు మూరలు
సిమెంటు వాలుగా పోసి
గడప నెత్తి మాత్రం పసుప్పచ్చగా ఇడిచిపెట్టినా,
డ్యాములో మునిగిన గుడి శిఖరం కనపడినట్ల.

మిగిలిన కూలి కోసం శుక్రవారం పోయినా.
ఆ శిఖరం కూడా ఎండి ఉంది.
ఒకామెకు తుంటి ఒంగదు, ఒకామెకు మోకాళ్ళు.
పసుపు మాత్రం కడ్డీలకు పూసినారు,
పైదానికి మూడు బొట్లు, కిందదానికి మూడు బొట్లు.
నవ్వుదామనుకున్నా. నవ్వు రాలేదు.

ఓబుళమ్మ నడిచి చూపించింది,
ఒక చెయ్యి కడ్డీ మీద
ఒక చెయ్యి తిరుపాలమ్మ నెత్తి మీద.
"నా నెత్తి కూడా నువ్వే బిగించినావా మేస్త్రీ?"
అని కింద నుంచి తిరుపాలమ్మ.
"అరికాలికి తెలుస్తాంది అబ్బీ" అనింది పైన ఆమె,
"యాడుండానో."

ఆ రాత్రి కరెంటు పోయింది.
మా ఇంట్లో బండలు అందరి ఇండ్లకన్నా నునుపు,
సొంతిల్లని ఇంకో చెయ్యి ఎక్కువే ఏసింటి.
నా పెండ్లాము నీళ్ళకని లేసింది.
బ్యాటరీ ఏసి చూస్తే
గోడను తడుముకుంటా పోతాంది.
సున్నం మీద ఆమె చెయ్యి పోయే తావున
నల్లగా ఒక గీత, మూల తిరిగి కడవల దాకా.
"ఎప్పటినుంచి ఇది?"
"యాది? ఆ గీతా? ఎప్పుడూ ఉండేదే."

తెల్లారి టేపు పెట్టి చూసినా.
రెండడుగుల పదకొండంగుళాలు.